మొదటి దెబ్బ

"చెప్పరా, దాన్ని లేపి పెట్టింది నువ్వే కదా?" అని ఇన్‌స్పెక్టర్ స్క్రూ చెంప మీద ఇంకొకటి ఇచ్చాడు.

ఆయనకి కోపమేమీ వచ్చినట్టు లేదు. తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలుగా కొట్టాడు. స్క్రూ కంప్యూటర్లు బాగుచేసే మనిషి. నడిస్తే చొక్కా జేబులో నాలుగు స్క్రూలు గలగలమంటాయి కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు వాళ్ళక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఆ జేబు ఖాళీగా ఉంది, చేతులకి సంకెళ్ళున్నాయి.

"లేదు సార్. అది లేచే స్థితిలోనే లేదు. నీలం తెర మీదే వదిలేసి వెళ్ళాను సార్."

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ఆవిడను పోలీసులు ఎదురుగా మేడమ్ అంటారు, వెనక సూది అంటారు. ఇన్‌స్పెక్టర్‌తో కలిసి ట్రైనింగ్ చేసింది. పై వాళ్ళకి వంగి దండాలు పెట్టడం చేతకాక ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. ఆ రెండో దెబ్బను ఆమె ఆపగలిగేదే. దెబ్బ తిన్నవాడు ఎటు చూస్తాడో చూద్దామని ఆపలేదు.

స్క్రూ నేల వంక చూశాడు. గదిలో ఇంకో ఇద్దరు ఉన్నారు. చచ్చిపోయింది ఈ వర్క్‌షాపు ఓనరు; ఆయన భార్య ఒకరు, తమ్ముడు ఒకరు. వాళ్ళ వంక మాత్రం పొరపాటున కూడా చూడలేదు.

"ఇక చాలు ఇన్‌స్పెక్టర్ గారూ," అంది సూది లోపలికి వస్తూ. "మిగతావి కోర్టుకి దాచుకోండి."

"మీరొచ్చారా?" ఇన్‌స్పెక్టర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "వీడి అక్క మిమ్మల్ని పెట్టుకుందని విన్నాను. ఎందుకొచ్చిన శ్రమ? కోర్టు మూసేలోగా వీణ్ణి అప్పగించేస్తున్నాను. హత్య కేసు. మళ్ళీ బయటి ఎండ చూడడు."

అక్క ముందురోజు సూది ఆఫీసుకి వచ్చింది. తల్లి పోయాక తనే పెంచిందట తమ్ముణ్ణి. కన్నీళ్ళు లేవు, బతిమాలుకోవడం లేదు. కుడి చెయ్యి కోటు జేబులోంచి తియ్యకుండా ఎడమచేత్తో టీ కప్పు అందుకుని, "మా వాడు లేపలేదు. ఎందుకు లేచిందో మీరు కనుక్కోండి," అని లేచి వెళ్ళిపోయింది. ఎంత పొగరు అనుకుంది సూది. ఆ పొగరు నచ్చే కేసు ఒప్పుకుంది.

"ఏం జరిగిందంటున్నారో మొదటినుంచీ చెప్పండి," అంది.

ఇన్‌స్పెక్టర్ పై ఆఫీసర్ల ముందు చాలాసార్లు వల్లించినట్టున్నాడు, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

ఓనరు ఇంటి కింది భాగంలోనే చెప్పులకి అడుగులు కోసే వర్క్‌షాపు అది. గది మధ్యలో ప్రెస్సు, దాని బల్ల మీదకి దిగే మంచమంత ఇనప పలక, మూలన దాన్ని నడిపించే కంప్యూటరు. పాత కంప్యూటర్ కాలిపోతే ఓనరు ఎవరో వాడి వదిలేసిన ఇంకోటి తెచ్చాడు. దాంట్లో కొత్త సిస్టమ్ ఉంది. కొత్తదాంట్లో రెండు చేతులతో రెండు బొత్తాలు కలిపి నొక్కితే తప్ప పలక దిగదు. పని నత్తనడక నడుస్తోందని ఓనరు చిందులు తొక్కి, పాత సిస్టమే మళ్ళీ ఎక్కించమని స్క్రూని పిలిపించాడు.

పాత సిస్టమ్‌లో ఒక జబ్బుంది. కంప్యూటర్ లేచి, లేచినందుకు గుర్తుగా చిన్న పాట వినిపించిన వెంటనే, పలక తన చోటు తను వెతుక్కోవడానికి ఒకసారి కిందికంటా దిగి పైకి పోతుంది. ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు. దాన్నే అక్కడ మొదటి దెబ్బ అంటారు. కంప్యూటర్ దగ్గర ఎవరుంటే వాళ్ళు పాట వినగానే "చేతులు!" అని అరవాలి. ఆ వర్క్‌షాపు వాళ్ళకి ఆ అరుపు తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది.

"వీడు పాత సిస్టమ్ ఎక్కించాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సాయంత్రానికి మళ్ళీ చెడింది. ఓనరు నలుగురిలో వీణ్ణి బూతులు తిట్టి, మెడ పట్టుకుని గెంటాడు. వీడు 'రేపొచ్చి చేస్తా, అప్పటిదాకా అది లేవదు' అని చెప్పి పోయాడు. కానీ మెయిన్ స్విచ్ వేస్తే దానంతటదే లేచేలా పెట్టి పోయాడు. పొద్దున ఓనరు వెలుతురు కోసం మెయిన్ వేశాడు. మిషన్ చచ్చిందన్న ధైర్యంతో పలక కింద చేతులు పెట్టి గట్టిపడిన జిగురు గీకుతున్నాడు. పాట వచ్చింది, పలక దిగింది. రెండు చేతులూ మోచేతుల దాకా పచ్చడి. అక్కడే నెత్తురు కారి పోయాడు."

"అప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"నేను పై గదిలో ఉన్నాను," అంది ఓనరు భార్య. పొడుగాటి మనిషి. ఒంటి మీద జిగురు మరకల ఏప్రన్, కుడి చెయ్యి దాని జేబులో. "టీవీ పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు."

"నేను రబ్బరు షీట్లకి వెళ్ళాను," అన్నాడు తమ్ముడు. "తిరిగొచ్చి చూసింది నేనే. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి."

"ఇదిగో వీడి సంచి," అని ఇన్‌స్పెక్టర్ ఆ సంచిని బల్ల మీద బోర్లించాడు. స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, సీడీల కవరు, వైరు ముక్కలు, ప్లాస్టిక్ కాగితంలో బొత్తమంత మెరిసే బిళ్ళ ఒకటి. ఆ బిళ్ళ జారి బల్ల అంచుకి వచ్చింది. సూది వేలితో ఆపి గుట్టలోకి తోసేసింది. "చూడండి, ఎంత బాంబు కావాలంటే అంత బాంబు తయారుచేసే సామాను!"

"బ్రష్షుతోనా?" అంది సూది. "సరే, మెయిన్ వెయ్యండి. దానంతటదే లేస్తుందన్నారుగా, లేవనివ్వండి."

"నిన్న మా పై ఆఫీసరు గారి ముందే లేపి చూపించాను. మీకూ చూపిస్తాను," అని ఇన్‌స్పెక్టర్ ఠీవిగా వెళ్ళి మెయిన్ వేశాడు. ప్రెస్సు మోటారు రొద మొదలుపెట్టింది. కంప్యూటర్ ఒకసారి కూసింది. తెర మీద ఏవో అక్షరాలు వచ్చాయి, పోయాయి. తర్వాత తెరంతా నీలంగా అయిపోయి, తెల్లటి అక్షరాల్లో గోడు వెళ్ళబోసుకుని ఆగిపోయింది.

అందరూ చూస్తూ నిలబడ్డారు. పాట రాలేదు, పలక కదల్లేదు.

"ఏదీ, లేవదేం?" అంది సూది.

"కొంచెం టైము పడుతుంది."

"నీలం తెర వచ్చాక టైమేమిటండీ? అది చచ్చినట్టు. నిన్న ఎలా లేపారు?"

"మెయిన్ వేశాను. లేచింది."

"మొదటిసారే లేచిందా, నీలం తెర వచ్చిందా?"

ఇన్‌స్పెక్టర్ నీళ్ళు నమిలాడు. "వచ్చింది... వచ్చింది కానీ, అంతలో ఆఫీసరు గారి కారు వచ్చిందంటే ఎదురెళ్ళాను. తిరిగొచ్చేసరికి లేచి ఉంది. పలక ఒక దెబ్బ కొట్టింది కూడాను. పాట బయటికే వినపడింది."

"మీరు బయటికెళ్ళినప్పుడు ఈ గదిలో ఎవరున్నారు?"

"వీళ్ళిద్దరూ. 'లేటుగా లేస్తుంది సార్, ఇప్పుడే లేచింది' అన్నారు."

"అన్నది ఎవరు?"

"నేనే అన్నాను," అన్నాడు తమ్ముడు గొంతు పెంచి. "నాకు వదిన చెప్పింది. నేను అప్పుడు వాకిట్లో సిగరెట్టు కాలుస్తున్నాను."

"నువ్వే లోపలున్నావు, నేను కుర్చీ తేవడానికి పక్కగదిలోకెళ్ళాను," అంది వదిన నిదానంగా. "కంప్యూటర్ గొడవ నాకేం తెలుసు?"

సూది ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఒకరు అబద్ధమాడుతున్నారు. అది ఎవరో ఇప్పుడే అడిగితే ఇద్దరూ ఒట్లు వేస్తారు. ఒట్లతో పని జరగదు.

"జేబులో చెయ్యి బయటికి తియ్యమ్మా," అంది.

ఓనరు భార్య కదల్లేదు.

"నేను తీయించనా?"

ఆ చెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలూ చిటికెన వేలూ మాత్రమే ఉన్నాయి. మధ్యలో మూడు వేళ్ళ చోట నున్నటి మడత.

"ఎప్పటిది?"

"పెళ్ళైన కొత్తలోది. మొదటి దెబ్బ."

"కంప్యూటర్ దగ్గర ఎవరున్నారు?"

"ఆయనే."

"చేతులు అని అరవలేదా?"

"మర్చిపోయాడట."

"వదినకి ముందునుంచీ పరధ్యానమండీ," అని తమ్ముడు పకపకా నవ్వాడు. "ఆ రోజు కూడా పావుగంటలో మళ్ళీ పని మొదలెట్టేశాడు మా అన్నయ్య. పలక తుడవాల్సొచ్చిందని ఒకటే చిరాకు."

ఎవరూ నవ్వలేదు. ఓనరు భార్య చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

"ఇక నువ్వు రా," అని సూది స్క్రూని కంప్యూటర్ ముందుకి లాక్కొచ్చింది. సంకెళ్ళతోనే కూర్చోబెట్టింది. వాడి వేళ్ళు స్టేషన్లో ఎవరి బూటు కిందో నలిగి వాచిపోయి ఉన్నాయి. "ఇది ఎందుకు నీలంగా అవుతోంది? నాకు అర్థమయ్యేలా చెప్పు. మెలికలు తిప్పావంటే నీ ఖర్మ, వెళ్ళిపోతాను."

"ఈ డబ్బా కొత్త రకం మేడమ్. పాత సిస్టమ్‌కి దీని హార్డ్ డిస్క్‌తో మాట్లాడడం రాదు. కళ్ళకి గంతలు కట్టినట్టే. మొదట సీడీ పెట్టినప్పుడు కూడా ఇలాగే నీలం తెర. మూడు సీడీలు మార్చాను, సీడీ తప్పు కాదు. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి, డిస్క్ పాత పద్ధతిలో మాట్లాడాలి అని ఒక వరస మార్చాను. అంతే, ఎక్కేసింది. లేచింది, మొదటి దెబ్బ కొట్టింది, ఓనరు గారు చూసుకున్నారు కూడా."

"మరి సాయంత్రం?"

"సాయంత్రం మెయిన్ తీసి మళ్ళీ వేశారు. మళ్ళీ నీలం. చూస్తే నేను మార్చిన వరస పాతచోటికే పోయింది. లోపల ఉండే బ్యాటరీ చచ్చిపోయింది మేడమ్. కరెంటు పోతే చాలు, అది మార్చిందంతా మర్చిపోతుంది. నా దగ్గర బ్యాటరీ లేదు, రేపు తెస్తానన్నాను. అందుకే ఓనరు మెడ పట్టి గెంటాడు."

"మార్చు ఇప్పుడు."

స్క్రూ వాచిన వేళ్ళతో కంప్యూటర్‌ని మళ్ళీ మొదటినుంచి లేపుతూ ఒక మీట వరసగా కొట్టాడు. బూడిదరంగు తెర వచ్చింది. నాలుగు వరసలు దిగాడు, ఒకటి మార్చాడు, ఒప్పుకున్నట్టు ఇంకో మీట నొక్కాడు. సూది ఆలోచించకుండా ఇన్‌స్పెక్టర్ చంకలోంచి లాఠీ లాగి ప్రెస్సు బల్ల మీద పడేసింది. ఈసారి నీలం రాలేదు. తెర వెలిగి, చిన్న పాట వినిపించింది.

"చేతులు!" అని మూడు గొంతులు ఒకేసారి అరిచాయి. స్క్రూదీ, తమ్ముడిదీ, ఓనరు భార్యదీ.

పలక దిగింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. పైకి లేచేసరికి లాఠీ పీచు పీచుగా ఉంది.

"అది ప్రభుత్వ సొత్తు!" అని ఇన్‌స్పెక్టర్ గుడ్లురిమాడు.

"అందుకే పెట్టాను, నాది కాదుగా." సూది మెయిన్ తీసి, మళ్ళీ వేసింది. నీలం తెర. డబ్బా మూత ఊడదీయించి, స్క్రూ చూపించిన చోటునుంచి బొత్తమంత బిళ్ళను గోటితో పీకింది. రంగు మాసి, అంచుల్లో తుప్పు పట్టి ఉంది. దాన్ని ఒక కవర్లో వేసుకుని, ఇన్‌స్పెక్టర్ని వాకిట్లోకి తీసుకెళ్ళింది.

"ఇప్పుడైనా బుర్రకెక్కిందా?" అంది. "రాత్రి మెయిన్ తీసేస్తారు. పొద్దున వేస్తే నీలమే వస్తుంది. ప్రతిసారీ మనిషి వెళ్ళి, ఆ వరస మార్చాలి. దూరంనుంచి పెట్టే ఉచ్చు కాదిది. ఆ పొద్దున ఒక మనిషి ఆ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఓనరు చేతులు పలక కింద ఉండగా చూస్తూ లేపింది. నిన్న మీకోసం మళ్ళీ లేపింది కూడా ఆ మనిషే."

"నాకోసమా?"

"లేవకపోతే మీ కేసు చస్తుందిగా. స్క్రూని వదిలేస్తే ఇంట్లోవాళ్ళ వంక తిరుగుతారు. అందుకని మీకు సాయం చేశారు. మీరేమో వెంటనే నమ్మేశారు."

ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరాడు. తన కేసు తన చేతుల్లోనే విరిగిందని తెలిసినవాడి ముఖం చూడడం సూదికి ఎప్పుడూ ఇష్టమే. కాసేపు చూసింది కూడా.

"నిరూపించండి," అన్నాడు చివరికి. "ఇద్దర్లో ఎవరో తేల్చండి. లేకపోతే వీణ్ణి కోర్టులో పడేసి నా దారిన నేను పోతాను."

సూది స్క్రూ దగ్గరికి వెళ్ళి వాడికి మాత్రమే వినపడేలా అడిగింది. "మోటారు ఫ్యూజు తీసేస్తే మొదటి దెబ్బ పడదు కదా?"

"పడదు మేడమ్. పలక వెంట్రుక మందం కూడా కదలదు."

తర్వాత అందరికీ వినపడేలా చెప్పింది. "ఈ మిషన్ దానంతటది లేవదని తేలింది. కోర్టులో నేనే సాక్ష్యం చెప్తాను. ఇన్‌స్పెక్టర్ గారూ, మీ వాణ్ణి జీపెక్కించుకోండి. పలక అడుగున నెత్తురు మరక కొలుచుకుని నేనూ వచ్చేస్తాను. ఎలాగూ చచ్చిన మిషనే కదా."

అందరూ బయటికి నడిచారు. జీపు మొరాయించి స్టార్టయింది. ఎవరూ చూడకుండా సూది గోడమీది పెట్టెలోంచి ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది. మోటారు రొద ఆగినా, వాకిట్లో జీపు రొదలో ఆ తేడా తెలియలేదు. కంప్యూటర్‌కి వీపు పెట్టి, ప్రెస్సు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా పలక కిందికి చాపింది. పై పలక అడుగున ఎండిన నెత్తురు వేళ్ళకి గరుగ్గా తగిలింది. బల్ల మీద జిగురు గీకిన గీతలు సగంలో ఆగిపోయి ఉన్నాయి. ఓనరు సరిగ్గా ఇలాగే కూర్చుని ఉంటాడు.

వెనక తలుపు కిర్రుమంది. కాసేపటికి ఎవరో బల్ల మీద నీళ్ళ జగ్గు పెట్టిన చప్పుడైంది.

"దాహమేస్తుందేమోనని," అంది ఓనరు భార్య గొంతు.

"అక్కడ పెట్టమ్మా," అంది సూది తల తిప్పకుండా.

అడుగులు వెనక్కి వెళ్ళాయి, కానీ తలుపు దాకా వెళ్ళలేదు. కంప్యూటర్ సన్నగా కూసింది. మీట చప్పుడు గబగబా వినపడింది, తర్వాత ఆగి ఆగి ఇంకొన్ని. వెతుక్కుంటున్న చప్పుడు కాదు, బాగా తెలిసిన చేతిదే. రెండు వేళ్ళున్న చెయ్యి కూడా ఆ పని చెయ్యగలదు. అడుగులు మళ్ళీ మెల్లగా తలుపు వైపు నడిచాయి. ఇప్పుడు పాట వస్తుంది, ఓనరు భార్య గుమ్మంలో ఉంటుంది. అదిగో దానంతటదే లేచింది, మేడమ్ గారే చూశారు అంటుంది. మేడమ్ చేతులు పోయినా సరే.

ఫ్యూజు జేబులో ఉంది. అది తెలుసు. కానీ మోటారు ఆగినా పలకని నెట్టే నూనెలో కాస్త ఒత్తిడి మిగిలి ఉంటుందా, ఉండదా? ఆ మాట సూదికి అప్పుడు తట్టింది. వెంట్రుక మందం కూడా కదలదని చెప్పినవాడి మాట తప్ప తన దగ్గర ఇంకేం లేదు. ఆమెకి నిజంగా భయమేసింది. అయినా చేతులు తియ్యలేదు.

చిన్న పాట వినిపించింది.

"చేతులు!"

ఆ అరుపు వెనకనుంచి వచ్చింది. అరిచిన మనిషే అదిరిపడి నోరు మూసుకున్నట్టుంది, ఆఖర్న తెగిపోయింది.

పలక ఉస్సుమని జానెడు దిగింది. సూది మణికట్టు మీద చల్లగా ఆనింది, ఆగింది. ఆమె ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క చెయ్యీ నిదానంగా బయటికి లాక్కుంది. మణికట్టు చర్మం లేచి పోయింది. అప్పుడు లేచి, వెనక్కి తిరిగింది.

"ఆ రోజు కూడా ఇలాగే అరిచారా?"

ఓనరు భార్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. బుకాయిస్తుందేమో అనుకుంది సూది. కానీ ఆ ముఖంలో బుకాయించే ఓపిక లేదు.

"అరిచాను," అంది. "గొంతు చించుకుని అరిచాను. ఆయన నాకోసం ఒక్కసారి అరవలేదు, నేను అరిచాను. ఆయన నవ్వాడు. 'అది చచ్చింది లేవే, నీకీ భయం పోదా' అన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు."

"తర్వాత?"

"పైకెళ్ళి టీవీ సౌండు పెంచాను. చాలాసేపు అరిచాడు. ఆరోగ్యమైన మనిషి."

రబ్బరు చుట్టల వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చాడు. సూది ముందే చెప్పిపెట్టినట్టు దొడ్డిదారిన తిరిగొచ్చి అంతా విన్నాడు. ఆయన వెనక తమ్ముడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"కొత్త సిస్టమ్ వచ్చాక ఆ దెబ్బ పోయింది," అంది ఆమె, ఎవరూ అడక్కుండానే. "ఎన్నేళ్ళకో పొద్దున్నే లేచి ఈ గదిలోకి వణక్కుండా వచ్చాను. ఆయనకి అది నచ్చలేదు. పాతదే కావాలన్నాడు. ఆ దెబ్బతో సహా కావాలన్నాడు. సరే, ఇచ్చాను."

"మరి ఈ కుర్రాడేం చేశాడమ్మా? వాణ్ణి ఎందుకు బలిచ్చారు?"

"ఇద్దర్లో ఒకరు పోవాలంటే నేనే ఎందుకు పోవాలి?" ఆమె చెయ్యి జేబులోంచి తీసి చూపించింది. "నేను ఇచ్చింది చాలదా?"

"ఆ వరస మార్చడం మీకెవరు చూపించారు?"

ఆమె సూది వంక సూటిగా చూసింది. "ఎవరూ చూపించలేదు. నీళ్ళ జగ్గు పట్టుకుని వెనక నిలబడి చూశాను. జగ్గు పట్టుకున్న మనిషిని ఎవరూ పట్టించుకోరు కదా."

"వదినా, నువ్వు మనిషివేనా?" అని తమ్ముడు మీదకి రాబోతే ఇన్‌స్పెక్టర్ రెక్క పట్టుకుని ఆపాడు.

సూది జీపులోంచి స్క్రూని దింపించింది. కాగితాలు రాయాలి, పై ఆఫీసరుకి చెప్పాలి అని ఇన్‌స్పెక్టర్ సణిగితే, "ముందు సంకెళ్ళు తియ్యండి, ఆ తర్వాత ఎన్నైనా రాసుకోండి," అని తాళం చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడింది. అవే సంకెళ్ళు ఓనరు భార్య చేతులకి వెళ్ళాయి. అప్పుడు స్క్రూ మొదటిసారి ఆమె వంక చూశాడు. వాడి కళ్ళలో కోపం కనపడలేదు. ఆమే తల తిప్పుకుంది.

"నా సామాన్లు ఇప్పించండి సార్," అన్నాడు స్క్రూ.

"కేసయ్యాక వచ్చి తీసుకో. ఫో!"

వాడు బల్ల మీది గుట్ట వంక ఒక్క క్షణం చూశాడు. ఏదో అడగబోయి మానుకుని వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టర్ వాకిట్లో నిలబడి ఫోన్లో ఎవరికో, "నాకు మొదటినుంచీ ఆవిడ మీదే అనుమానం సార్," అని చెప్పుకుంటున్నాడు. గదిలో సూది, కుర్చీలో సంకెళ్ళతో ఓనరు భార్య మిగిలారు.

గెలిచిన కేసే. అయినా సూదికి మణికట్టు మంట తగ్గలేదు. వెంట్రుక మందం కూడా కదలదని వాడు అంత నమ్మకంగా ఎలా చెప్పాడు? ఆ ప్రెస్సు సంగతి వాడికి తెలియదా? తెలిసే చెప్పాడా? చచ్చిన బ్యాటరీ ఉన్న కవరు మీద పేరు రాద్దామని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే స్క్రూ సామాన్ల గుట్ట ఉంది.

ఆ గుట్టలో ప్లాస్టిక్ కాగితంలో బొత్తమంత మెరిసే బిళ్ళ ఉంది.

సూది దాన్ని తీసి, కవర్లోని తుప్పు బిళ్ళ పక్కన పెట్టి చూసింది. అదే సైజు. దాని మీద చెక్కిన అంకె కూడా అదే. కాగితం కూడా విప్పని కొత్త బ్యాటరీ. నా దగ్గర బ్యాటరీ లేదు, రేపు తెస్తాను అన్నవాడి సంచిలో ఉంది.

"చూశారా," అంది ఓనరు భార్య. "వాడు గేటు దాటేదాకా మీకు తట్టకూడదని అనుకుంటూ కూర్చున్నాను."

"వాడే చూపించాడు మీకు."

"ఆయన భోజనానికి పైకెళ్ళినప్పుడు చూపించాడు. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. 'అక్కా, ఈ వరస మారిస్తే లేస్తుంది. ఆయనకి లేవదని చెప్తాను,' అన్నాడు. అంతే. వాడు స్టేషన్లో అన్ని దెబ్బలు తిని కూడా నా పేరు చెప్పలేదు. నేనేమో వాణ్ణి ముంచబోయాను. ఇప్పుడైనా ఒక్క అబద్ధం వాడికోసం ఆడనివ్వండి."

"వాడికేం పగ?"

ఆమె కిటికీ వైపు గడ్డం ఊపింది. "నేను ఈ ఇంటికి రాకముందు ఆ ప్రెస్సు మీద ఎవరు పనిచేసేవారో మీరెవర్నీ అడగలేదు."

సూది కిటికీ దగ్గరికి వెళ్ళింది. రోడ్డుకి అవతల స్క్రూ వాళ్ళక్క నిలబడి ఉంది. తమ్ముడు వెళ్ళి ఆమె భుజం మీద తల పెట్టుకున్నాడు. కిటికీలో సూదిని చూసి, అక్క మొదటిసారిగా నవ్వింది. కోటు జేబులోంచి కుడి చెయ్యి తీసి, కృతజ్ఞతగా పైకెత్తి ఊపింది.

సూది కూడా అలవాటుగా చెయ్యెత్తింది. ఎత్తాక చూసింది, అవతలి చేతికి వేళ్ళు లేవు.